ఏ అర సెకను చూశారు సార్?

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కొండ దిగి వచ్చినవాళ్లు ఎవరు కనబడినా మొదట అడిగేది 'దర్శనం బాగా అయిందా' అని, రెండోది 'ఎంతసేపు పట్టింది' అని. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్ని పట్టించుకోకూడదని మాకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఒకే బస్సులో పైకెళ్లి, ఒకే క్యూలో నిలబడి, ఒకేసారి బంగారు వాకిలి దాటిన ఇద్దరిలో ఒకాయన 'రెండు గంటలే' అంటాడు, ఇంకొకాయన 'పద్నాలుగు గంటలు' అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటాయన వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ గేటు తెరిచినప్పటి నుంచి లెక్కపెట్టాడు. రెండో ఆయన కింద శ్రీనివాసం దగ్గర టోకెన్ కోసం లైన్లో చేరినప్పటి నుంచి లెక్కపెట్టాడు. గడియారం ఒకటే, ఎప్పుడు మొదలుపెట్టారన్నదే తేడా.

తలకు వైర్లు తగిలించి మెదడు లయలు కొలిచే ఈఈజీ పరీక్షలో కూడా ఇదే గొడవ. 'బొమ్మ చూసినప్పుడు ఈయన ఆల్ఫా తగ్గింది', 'ఆవిడ తీటా పెరిగింది' అని రిపోర్టు చెబుతుంది. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లెక్కపెడితే? ఆ మాట రిపోర్టు కాగితం మీద వెతికినా దొరక్కపోవచ్చు. ఈ మధ్య మన ఊళ్లలో బ్రెయిన్ మ్యాపింగ్ అనే బోర్డులు కనబడుతున్నాయి. ఫోన్‌కు కలిపే హెడ్‌బ్యాండ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పిల్లల ఏకాగ్రతకు అంటారు, పెద్దల మతిమరుపుకు అంటారు. అందుకే ఈ వారం ఆ 'ఎప్పటి నుంచి ఎప్పటి వరకు' గురించి. పరిశోధకులు దాన్ని టైమ్ విండో అంటారు.

నేను మెదడు డాక్టర్ని కాదు, సర్వర్ లాగ్‌లతో కుస్తీపట్టే ఇంజినీర్ని. కానీ విండో సరిగ్గా పెట్టకపోతే గ్రాఫ్ ఎంత అందంగా అబద్ధం చెబుతుందో ఉద్యోగంలో రోజూ చూస్తుంటాను. ఐదు నిమిషాల సగటు చూస్తే సర్వర్ హాయిగా ఉంటుంది. ఆ ఐదు నిమిషాల్లో నాలుగు సెకన్లు అది చచ్చి బతికిందని, సరిగ్గా అప్పుడే పేమెంట్ నొక్కినవాళ్లకు మాత్రమే తెలుసు.

ముందు కొన్ని సంగతులు చెప్పుకుందాం. జర్మనీలోని యేనా ఊళ్లో హన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకుని ఊరకే ఉన్నప్పుడు సెకనుకు సుమారు పదిసార్లు ఊగే అల ఒకటి ఆయనకు కనబడింది. కళ్లు తెరవగానే తగ్గిపోయింది. దానికే ఆల్ఫా అని పేరు. తర్వాత వేగాన్ని బట్టి మిగతావాటికీ పేర్లు వచ్చాయి. సెకనుకు ఒక ఊపు అంటే 1 హెర్ట్జ్. 4 నుంచి 8 హెర్ట్జ్ తీటా, 8 నుంచి 13 ఆల్ఫా, 13 నుంచి 30 బీటా, ఆ పైన గామా. ఈ హద్దులు ఒక్కో ల్యాబ్‌లో కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

ఊరకే కూర్చోబెట్టి కొలిచేటప్పుడు పెద్ద చిక్కు లేదు. చిక్కంతా పని చేయించేటప్పుడే. తెర మీద బొమ్మ వస్తుంది, అది ఇంతకుముందు చూసిందైతే బటన్ నొక్కాలి. ఇలాంటి ఆట ఒకటి అనుకోండి, మొత్తం ఒకటిన్నర సెకను. బొమ్మ పడిన పదో వంతు సెకనుకు అటూ ఇటూగా తల వెనక భాగంలో స్పందన వస్తుంది. తర్వాత గుర్తుపట్టడం, నిర్ణయం. వేలు కదలకముందే, కదలికల్ని నడిపే భాగంలో బీటా తగ్గడం మొదలవుతుంది. నొక్కడం అయిపోయిన కాసేపటికి అది మామూలు స్థాయిని కూడా దాటి పైకి లేస్తుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో గెర్ట్ ఫుర్ట్‌షెలర్ 1970ల నుంచి ఈ తగ్గడం, లేవడం మీదే పనిచేశాడు.

ఇప్పుడు ఒకటిన్నర సెకనంతటికీ కలిపి సగటు తీయండి. తగ్గింది, పెరిగింది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 'బీటాలో మార్పు లేదు' అని వస్తుంది. పొద్దున పదివేలు తీసి సాయంత్రం పదివేలు వేసినవాడి ఖాతాలో చివరి బ్యాలెన్స్ మాత్రం చూసి 'ఇవాళ లావాదేవీలే లేవు' అన్నట్టు.

అయితే విండో చిన్నది చేసుకుంటే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. సంగీతం క్లాసుకు వెళ్లినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఆది తాళానికి ఆవర్తనంలో ఎనిమిది అక్షరాలు, రూపకానికి ఆరు. మూడు దెబ్బలు మాత్రం వినిపించి ఏ తాళమో చెప్పమంటే విద్వాంసుడైనా ఆగుతాడు. కనీసం ఒక ఆవర్తనం తిరగనివ్వమంటాడు. మెదడు లయలూ అంతే. 4 హెర్ట్జ్ తీటా ఒక్క ఊపు పూర్తి కావడానికి 250 మిల్లీ సెకన్లు పడుతుంది. 200 మిల్లీ సెకన్ల విండో పెట్టి 'తీటా ఇంతుంది' అని చెబితే, ఉయ్యాల ఒక్కసారి కూడా వెళ్లి రాకముందే దాని వేగం చెప్పినట్టు.

లెక్క కూడా సులువే. 1ని విండో పొడవుతో, సెకన్లలో, భాగించండి. ఎంత దగ్గరి లయల్ని విడదీసి చూడగలమో వస్తుంది. ఒక సెకను చూస్తే 1 హెర్ట్జ్. అర సెకను చూస్తే 2. 200 మిల్లీ సెకన్లు చూస్తే 5. ఆ చివరిదాంట్లో 6 హెర్ట్జ్ తీటాకూ 10 హెర్ట్జ్ ఆల్ఫాకూ తేడా చెప్పలేం. ఎప్పుడు జరిగిందో ఖచ్చితంగా కావాలంటే ఏ వేగంతో అన్నది మసకబారుతుంది. వేగం ఖచ్చితంగా కావాలంటే ఎప్పుడన్నది మసకబారుతుంది. డెన్నిస్ గాబర్ 1946లోనే ఈ బేరాన్ని లెక్కల్లో రాసి పెట్టాడు. తర్వాత హోలోగ్రఫీకి నోబెల్ వచ్చింది ఈయనకే. ఖరీదైన మెషిన్ కొంటే తీరే సమస్య కాదిది.

దీనికి ఒక మధ్యే మార్గం ఉంది. వేగమైన లయలకు చిన్న విండో, నెమ్మది లయలకు పెద్ద విండో వాడటం. వేవ్‌లెట్లు చేసేది అదే. అందులో ఒక తమాషా ఉంది. 4 హెర్ట్జ్ దగ్గర ఐదు ఊపుల వేవ్‌లెట్ వాడితే దాని పొడవు సెకనుంబావు. బొమ్మ పడ్డాక వచ్చిన స్పందన ఆ పొడవంతా పూసుకుపోతుంది, వెనక్కి కూడా. గ్రాఫ్‌లో చూస్తే బొమ్మ రాకముందే తీటా లేచినట్టు కనబడుతుంది! 'మెదడు ముందే పసిగట్టింది' అని వీడియో చేయడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. లెక్కలో తడి ఇంకిందంతే.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల సంగతి. మనకు దగ్గర్లో, బెంగళూరు ఐఐఎస్సీలో జరిగిన ఒక పనిని చూస్తే విండో పెట్టడమంటే ఏమిటో బాగా తెలుస్తుంది. సుప్రతిమ్ రే ల్యాబ్‌లో దినవహి వి.పి.ఎస్. మూర్తి, మరికొందరు కలిసి చేసిన అధ్యయనం 2021లో ఈలైఫ్ జర్నల్‌లో వచ్చింది. 49 ఏళ్లు దాటిన 244 మందికి తెర నిండా చారల బొమ్మలు చూపించారు. అలాంటి చారలు చూస్తే తల వెనక భాగంలో గామా లయలు బాగా లేస్తాయి, ఒకటి 20 నుంచి 34 హెర్ట్జ్ మధ్య, ఇంకొకటి 36 నుంచి 66 మధ్య. ఆ 244 మందిలో 227 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. 12 మందికి జ్ఞాపకశక్తి వంటివి కొద్దిగా తగ్గిన తొలి దశ. ఐదుగురికి అల్జీమర్స్. ఆ 17 మందిలో, అదే వయసు, అదే లింగం ఉన్న ఆరోగ్యవంతులతో పోలిస్తే గామా తక్కువగా ఉంది. ఆల్ఫాలో అలాంటి తేడా కనబడలేదు.

నాకు నచ్చింది వాళ్లు ఏ అర సెకను తీసుకున్నారన్నది. బొమ్మ తెర మీద 800 మిల్లీ సెకన్లు ఉంటుంది, తర్వాత 700 ఖాళీ, మళ్లీ ఇంకో బొమ్మ. లెక్కకు తీసుకున్నది బొమ్మ పడిన 250వ మిల్లీ సెకను నుంచి 750 దాకా. మొదటి పావు సెకను ఎందుకు వదిలేశారు? తెర మీద ఏది ఠక్కున పడినా మెదడు ఒక్క కుదుపు కుదుపుతుంది, అందులో అన్ని వేగాలూ కలిసి ఉంటాయి. కంపార్ట్‌మెంట్ గేటు తీసిన మొదటి నిమిషం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తోపులాట చూసి 'క్యూ ఈ వేగంతో కదులుతోంది' అని రాసుకుంటే ఎలా ఉంటుంది? కుదుపు సర్దుకున్నాక నిలకడగా సాగే లయ కావాలి వాళ్లకు, కాబట్టి ఆగారు. 750 దగ్గర ముగిస్తే బొమ్మ మాయమైనప్పటి కుదుపు కూడా కలవదు.

పోల్చుకోవడానికి తీసుకున్నది బొమ్మ రాకముందు అర సెకను. దీన్ని బేస్‌లైన్ అంటారు. ముందు బొమ్మ పోయాక 200 మిల్లీ సెకన్లు గడిచినాకే ఇది మొదలవుతుంది. రెండు వైపులా సరిగ్గా 500, కాబట్టి రెండిట్లోనూ 2 హెర్ట్జ్ మేరకు చూపు సమానం. ఒక తట్టలో కిలో రాయి, ఇంకో తట్టలో అరకిలో రాయి పెట్టి తూచలేదు. మామూలు సంగతే అనిపిస్తుంది గానీ, బేస్‌లైన్ ఎక్కడ తీశారో చెప్పకుండా 'పెరిగింది' అనే మాటకు అర్థమే లేదు. శనివారం రద్దీ పెరిగిందంటే దేనితో పోలిస్తే? మంగళవారంతోనా, వైకుంఠ ఏకాదశితోనా?

గామా విషయంలో ఇంత జాగ్రత్తకు ఒక చేదు చరిత్ర ఉంది. బొమ్మ చూపించాక 200 నుంచి 300 మిల్లీ సెకన్ల మధ్య గామా ఒక్కసారి లేవడం చాలా ల్యాబ్‌లకు కనబడేది. వస్తువును మెదడు గుర్తుపట్టిన క్షణం ఇదే అని ఏళ్ల తరబడి రాశారు. 2008లో ఇజ్రాయెల్‌కు చెందిన ష్లోమిత్ యువల్-గ్రీన్‌బర్గ్ బృందం చూపించిందేమిటంటే, అలాంటి గామాలో చాలా భాగం కంటి కండరాలది. మనకు తెలియకుండానే కన్ను చిన్న చిన్న గెంతులు వేస్తుంది. బొమ్మ పడగానే కాసేపు ఆగి, సరిగ్గా ఆ 200 – 300 మధ్య మళ్లీ మొదలుపెడుతుంది. విండో అక్కడే పెడితే కన్ను ఆడిందే మెదడు లయగా కనబడుతుంది. ఐఐఎస్సీ వాళ్లు కంటి కదలికల్ని విడిగా కొలిచి చూసుకోవడం అందుకే.

ఈ పరిశోధన మన వాళ్లకు దూరం కూడా కాదు. మదనపల్లె వైపు నుంచి సరిహద్దు దాటితే కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా. మామిడి తోటలు, ఇళ్లలో తెలుగు. ఐఐఎస్సీ ఆవరణలోనే ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఆ పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి మెదడు ఆరోగ్యం గమనించాలనే లక్ష్యంతో పనిచేస్తోంది. ఆ చారల బొమ్మల పరీక్ష బెంగళూరు వాళ్ల మీద చేసింది. అయినా వయసుతో మెదడు ఎలా మారుతుందన్న లెక్కల్లో మన యాస మాట్లాడే పెద్దవాళ్లు చేరుతున్నారంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. అది 17 మంది గుంపు సగటుకూ మిగతా గుంపు సగటుకూ మధ్య తేడా. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి 'మీకు వస్తోంది' అని చెప్పే పరీక్ష కాదు. అలా చెప్పేస్తున్న చోటికి మా అవ్వ వెళ్లొచ్చింది.

అవ్వకు 74. కొన్నాళ్లుగా పేర్లు మర్చిపోతోంది, స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతోంది. ఎవరో చెప్పారని మామ ఆమెను తిరుపతిలోనే ఒక ప్రైవేటు సెంటర్‌కు తీసుకెళ్లాడు. తలకు టోపీ పెట్టి, బొమ్మలు చూపించి, బటన్ నొక్కించి, పన్నెండు పేజీల రంగుల రిపోర్టు ఇచ్చారు. వారాంతానికి నేను బెంగళూరు నుంచి వచ్చేసరికి అది టీవీ పక్కన పెట్టి ఉంది. "ఏందిరా అబ్బోడా, నా తలకాయలో అంతా ఎర్రగా ఉండాదంట, పచ్చగా ఉండాలంట" అంది అవ్వ. మరుసటి రోజు రిపోర్టు పట్టుకుని వెళ్లాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "బొమ్మ పడ్డాక ఏ విండో తీసుకుని ఈ లెక్క కట్టారు?" అని అడిగాను.

"విండోస్ టెన్ సార్. లెవెన్‌కు ఇంకా అప్‌డేట్ చెయ్యలేదు."

ఆ కుర్రాణ్ని తప్పుపట్టడానికి మనసొప్పలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు అతనికి ప్రింట్ బటన్ ఎక్కడుందో చెప్పారు, మిగతాది చెప్పలేదు. రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో 300 నుంచి 800 మిల్లీ సెకన్లు అని ఉంది, వయసు ఎంతైనా అదే. ఇప్పుడు ఆలోచించండి. నాలాంటివాడు బొమ్మ పడిన 600 మిల్లీ సెకన్లకల్లా బటన్ నొక్కేస్తాడు. వేలు కదలబోయే ముందు బీటా తగ్గడం, నొక్కడం, రెండూ ఆ విండోలోనే పడతాయి. మా అవ్వ వేళ్లు పట్టేసిన మనిషి. బొమ్మను గుర్తుపట్టినా వేలు వంగి నొక్కేసరికి సెకను దాటుతుంది. ఆమె విండోలో ఇంకా నిర్ణయమే నడుస్తుంటుంది, నొక్కడం దాని బయట పడుతుంది. రెండు వేర్వేరు పనుల్ని పక్కపక్కన పెట్టి, ఒకదానికి పచ్చ, ఒకదానికి ఎరుపు వేశారు. కీళ్ల నొప్పిని మతిమరుపు అని ముద్రించి ఇచ్చారు.

తర్వాత న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన ముప్పావు గంట అవ్వతో మాట్లాడి, గడియారం బొమ్మ గీయించి, రక్తపరీక్ష రాశాడు. బి12 బాగా తక్కువగా ఉంది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. తగ్గుతోందని అమ్మ అంటుంది, లేదని మామ అంటాడు. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు.

బటన్ ఆలస్యమయ్యేవాళ్ల సమస్యకు పరిశోధకుల దగ్గర జవాబుంది. గడియారాన్ని బొమ్మ పడినప్పటి నుంచి కాకుండా బటన్ నొక్కినప్పటి నుంచి వెనక్కి లెక్కపెట్టడం. ప్రతి మనిషిదీ, ప్రతిసారీ, నొక్కిన క్షణాన్ని సున్నాగా పెట్టి, దాని ముందు అర సెకను చూస్తారు. బీటా విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే వెనక్కి చూడటంలో దాని మాయ దానికుంది. దాని మీద మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అనేంత గొడవ నడిచింది.

జర్మనీలో కోర్న్‌హూబర్, డీకే అనే ఇద్దరు 1960లలో ఒక సంగతి గమనించారు. మనిషి తనంతట తాను వేలు కదిపిన ప్రతిసారీ, కదలిక నుంచి వెనక్కి చూస్తే, సెకనుకు ముందు నుంచే మెదడు విద్యుత్తు మెల్లగా ఎక్కుతూ ఉంటుంది. 1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ ఎక్కడం కదలికకు సుమారు 550 మిల్లీ సెకన్ల ముందే మొదలవుతోంది, 'కదపాలి' అనిపించింది మాత్రం సుమారు 200 ముందేనని మనుషులు చెబుతున్నారు. అంటే మనం నిర్ణయించుకోకముందే మెదడు నిర్ణయించేసిందా? దీని మీద పుస్తకాలు, వాదాలు, ఇప్పుడు రీల్స్ కూడా.

2012లో ఆరన్ షర్గర్, సహచరులు వేరే మాట చెప్పారు. మెదడులో ఏ కారణం లేకుండానే ఎప్పుడూ కొద్దిగా అలజడి ఉంటుంది. ఆ అలజడి ఒక గీత దాటినప్పుడు వేలు కదులుతుంది అనుకుందాం. అలాంటప్పుడు కదిలిన క్షణాలు మాత్రమే ఏరి, వెనక్కి చూసి సగటు తీస్తే, ఎప్పుడూ ఎక్కుతున్న గీతే వస్తుంది. ఎక్కని వాటిని మీరు ఏరనే లేదు కదా. కంపార్ట్‌మెంట్ గేట్లు తెరిచిన సమయాలు మాత్రమే తీసుకుని, ఒక్కోదానికి ముందు గంట సీసీటీవీ చూడండి. ప్రతిసారీ జనం నిండుతూ కనబడతారు. 'గేటు తెరవాలని గంట ముందే నిర్ణయం జరిగింది' అనొచ్చా? నిండినప్పుడు తెరుస్తారు, అంతే. షర్గర్ మాటే చివరి మాట అని నేను అనను, వాదం ఇంకా నడుస్తోంది. కానీ సున్నా ఎక్కడ పెట్టారన్నది ఇంత పెద్ద తత్వాన్ని తలకిందులు చేయగలదని నాకు అంతకు ముందు తెలియదు.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా జారిపడే చోటు ఇంకొకటుంది. అది గ్రాఫ్ చూశాక విండో పెట్టడం.

రెండు గుంపుల డేటా తెర మీద ఉంది. 340 నుంచి 420 మధ్య రెండు గీతలు కాస్త విడిపోయి కనబడుతున్నాయి. అక్కడే విండో పెట్టి పరీక్ష చేస్తారు. తేడా వస్తుంది. రాకేం చేస్తుంది? తేడా ఉన్న చోటు చూసుకునే కదా పెట్టింది. పెళ్లయి పదేళ్లు గడిచాక, కాపురం బాగుందని చూసి 'ఆ ముహూర్తం దివ్యమైంది' అన్నట్టు. ముహూర్తం పెట్టేది పెళ్లికి ముందు. నికోలాస్ క్రీగెస్‌కోర్టె బృందం 2009లో దీన్ని ఒకే డేటాను రెండుసార్లు ముంచుకుని తినడం అని ఎగతాళి చేసింది.

అంకెల్లో చూద్దాం. నిజంగా ఏ తేడా లేని డేటా తీసుకోండి. ఒక విండోలో పరీక్ష చేస్తే పొరపాటున 'తేడా ఉంది' అని వచ్చే అవకాశం, మామూలు నియమం ప్రకారం, 5 శాతం. 20 వేర్వేరు విండోలు ప్రయత్నిస్తే, ఎక్కడో ఒకచోట అయినా తేడా వచ్చే అవకాశం 64 శాతం. 0.95ను ఇరవైసార్లు గుణించి 1లోంచి తీసేస్తే వచ్చేది ఇదే, ఫోన్ క్యాలిక్యులేటర్‌లోనే చేయొచ్చు. పక్కపక్క విండోలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి నిజంలో కాస్త తగ్గుతుంది. కానీ ఈఈజీలో విండోలు మాత్రమే ఉండవు. తల మీద 64 చోట్లు, లయలు ఐదు. మూడూ గుణించుకుంటే వేలల్లోకి పోతుంది. ఖాళీ శబ్దంలో కూడా ఏదో ఒక మూల అల్జీమర్స్ దొరుకుతుంది. స్టీవెన్ లక్, నికోలస్ గాస్పెలిన్ 2017లో రాసిన వ్యాసం పేరే ఇలాంటిది: ఏ ప్రయోగంలోనైనా గట్టి ఫలితం తెప్పించడం ఎలా, అలా ఎందుకు చేయకూడదు అని.

మరి నిజాయితీగా పెట్టేదెలా? అందరూ ఒప్పుకునే ఒక్క దారి లేదు. ఇంతకుముందు వేరేవాళ్లు చేసిన ప్రయోగంలో ఏ విండో వాడారో అదే వాడటం ఒకటి. సగం మంది డేటాలో చూసి విండో పెట్టుకుని, ముట్టుకోని మిగతా సగంలో పరీక్షించడం ఇంకొకటి. మాలాంటి కోడ్ రాసేవాళ్లకు నచ్చేది ఎరిక్ మారిస్, రాబర్ట్ ఓస్టెన్‌వెల్డ్ 2007లో రాసిన పద్ధతి. ఏ విండో పెట్టకుండా మొత్తం కాలమంతా చూస్తారు. పక్కపక్కన ఉన్న తేడాలను గుత్తులుగా కలుపుతారు. తర్వాత ఎవరు ఏ గుంపో చెప్పే చీటీలను వెయ్యిసార్లు కలగాపులగం చేసి, ప్రతిసారీ ఎంత పెద్ద గుత్తి వస్తుందో చూస్తారు. అసలు డేటాలోని గుత్తి ఆ చీటీల ఆటలో వచ్చినవాటికంటే బాగా పెద్దదైతే నమ్ముతారు. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. తేడా ఉందని ఇది చెబుతుంది గానీ, సరిగ్గా 340లో మొదలై 420లో ఆగిందని చెప్పదు. పేపర్లు రాసేవాళ్లే ఆ అంకెల్ని ఫలితంలా రాసేస్తుంటారు, నాకు చిరాకు.

ఇదంతా ల్యాబ్ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు 2008 నాటి పూణె కేసు గుర్తుచేస్తాను. ఒక హత్య కేసులో నిందితురాలికి ఈఈజీ టోపీ పెట్టి, కళ్లు మూసుకుని కూర్చోమని, వాక్యాలు వినిపించారు. ఆమె నోరు తెరవక్కర్లేదు. ఆ సంఘటనను ఆమె స్వయంగా అనుభవించిందో లేదో మెదడు లయల్ని బట్టి సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఇదీ ఆ పరీక్ష నమ్మకం. కోర్టు ఆ ఫలితాన్ని కూడా ఆధారాల్లో ఒకటిగా తీసుకుంది. యావజ్జీవం పడింది. వినిపించిన ఒక్కో వాక్యం తర్వాత ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా చూశారు, బేస్‌లైన్ ఎక్కడిది, ఎన్ని విండోలు ప్రయత్నించారు అన్నవి ల్యాబ్‌లో అయితే తోటి శాస్త్రవేత్తలు మొదట అడిగే ప్రశ్నలు. ఈ పద్ధతిని బయటివాళ్లు స్వతంత్రంగా పరీక్షించి చూడలేదని నిపుణులు అప్పుడే అభ్యంతరం చెప్పారు.

2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు ఇచ్చింది. నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు మనిషి ఇష్టం లేకుండా చేయకూడదంది. ఇష్టపడి చేయించుకున్నా, ఆ ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదంది. తీర్పు ప్రధానంగా నిలబడింది తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కు మీద, రాజ్యాంగంలోని 20(3) అధికరణం మీద.

పోలీసు కేసుల్లో ఆ రక్షణ ఉంది. మనంతట మనమే డబ్బు కట్టి టోపీ పెట్టించుకునే చోట లేదు. అక్కడ ఉండేది సమ్మతి పత్రం ఒక్కటే. మామ ఫైల్లోంచి అవ్వ వేలిముద్ర వేసిన కాగితం తీసి చదివాను. ఫీజు, పార్కింగ్, డబ్బు వాపసు ఇవ్వబడదు అన్న ముక్క. మిల్లీ సెకను అన్న మాట ఎక్కడా లేదు.